ఇద్దరి చేతి బోణీ

ఎదురింటివాళ్ళు గేటుకు నల్లరంగు వేయిస్తున్నారు. కిటికీ మూసినా వాసన లోపలికి వస్తూనే ఉంది. ఆ వాసన తగిలితే నాకు ఖుర్షీద్ టీచరుగారి ముందుగది కళ్ళకు కడుతుంది. రంజాన్ పండగ ముందు పటమటలో మా వీధి ముస్లింలందరూ ఇళ్ళకు సున్నాలు వేయించుకుంటుంటే, ఆవిడ మాత్రం ముందుగదిలో ఒక గోడకు నల్లరంగు వేయించేవారు. అదే ఆవిడ బ్లాక్‌బోర్డు. తెలుగు టీచరుగా రిటైరయ్యాక, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళకు సాయంత్రాలు ఆ గోడ ముందు చదువు చెప్పేవారు. మతంతో పని లేదు, ఫీజు లేదు. ఆలస్యంగా వస్తే మాత్రం చీవాట్లు తప్పేవి కావు.

మాది పక్కిల్లు. మావారు పోయింది తొంభై ఆరులో. నేనప్పుడు ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. దినాలు అయిపోయినా ఆఫీసుకు వెళ్ళలేదు, సెలవు మీద సెలవు పెడుతూ వచ్చాను. పొద్దున్నే ఎవరికి ఎదురుపడితే ఏమనుకుంటారోనని, వీధి సద్దుమణిగాక గాని తలుపు తీసేదాన్ని కాదు. చివరకు ఉద్యోగం మానేస్తానని అక్కయ్యకు చెప్పాను. ఆ మాట గోడ అవతలికి వినపడింది కాబోలు, సాయంత్రానికి టీచరుగారు వచ్చి కూర్చున్నారు.

"మాకు నాలుగు నెలల పది రోజులండీ. మావారు పోయినప్పుడు అన్నాళ్ళూ ఇల్లు కదల్లేదు. గడువైన మర్నాడే స్కూలుకెళ్ళాను. మీకెన్నాళ్ళు?" అన్నారు.

"ఏడాదండీ."

"ఏడాది తిరిగాక పేరంటానికి వెళ్తారా?"

"వెళ్ళను. అసలు పిలవరు కూడా."

"మరి ఏడాదని ఎట్లా చెప్పారు? లెక్కల మనిషి కదా మీరు! ఎప్పటికి పూర్తవుతుందో చూసి చెప్పండి, ఇక్కడే కూర్చుంటా."

కూర్చున్నారు. నేనిచ్చిన కాఫీ నిదానంగా తాగారు. ఏ పద్దుకైనా చివర ఒక తేదీ ఉండాలని ఆఫీసులో అందరితోనూ పోట్లాడిన మనిషిని నేను. నా పద్దుకు చివరి తేదీ లేదన్న సంగతి అప్పుడే నా తలకెక్కింది.

"నాలుగు నెలల పది రోజుల మీద ఇంకొక్క రోజు కూర్చుంటే, అది అల్లా చెప్పింది కాదు, నా సొంత పైత్యం అవుతుందనుకున్నానండీ" అన్నారు లేస్తూ. "నాకు పన్నెండో ఎక్కం దాటి రాదు. లెక్కలు చెప్పే మనిషి కావాలి. రేపు సాయంత్రం రండి."

వెళ్ళాను. రెండు వారాలకు ఆఫీసుకూ వెళ్ళాను. నేను చెప్పే లెక్కలకు ఆడవాళ్ళు హడలిపోయేవారు. గుణకారం తప్పితే నేను మాట్లాడకుండా వాళ్ళ ముఖంలోకి చూసేదాన్ని. "సుశీలగారూ, మీరు లెక్కలు చెబుతున్నారా, దొంగల్ని పట్టుకుంటున్నారా?" అని టీచరుగారు గది ఆ మూల నుంచి అడిగితే అందరూ పకపకా నవ్వేవారు.

ఒక్కోసారి పాఠం మధ్యలో ఎవరో వచ్చి ఆవిడను పిలిచేవారు. ఎక్కడో ఒక ముస్లిం ఇంట్లో ఆడమనిషి పోయి ఉంటుంది. ఖననానికి ముందు ఆడవాళ్ళే ఆమెకు స్నానం చేయించాలి. భయపడేవాళ్ళు వెనక్కి తగ్గితే టీచరుగారు వెళ్ళేవారు. ఓసారి, "మీకు భయం లేదా?" అని అడిగాను. "ఆవిడ ఇంక తన పని తాను చేసుకోలేదు కదండీ, ఎవరో ఒకరు చెయ్యాలి" అన్నారు. ఆవిడ భక్తి గురించి నాకు తెలిసింది అంతే. దాని మీద ఉపన్యాసం ఎన్నడూ వినలేదు.

మా క్లాసులో పద్మ అని ఉండేది. భర్త లారీలకు వెల్డింగ్ చేసేవాడు. కొలతలూ లెక్కలూ వచ్చాక కుట్టుషాపు పెట్టుకుంది. ప్రారంభానికి మమ్మల్నిద్దర్నీ పిలిచింది. పద్మ అత్తగారు టీచరుగారికి ఎదురొచ్చి, "మీ చెయ్యి చల్లని చెయ్యమ్మా, బోణీ మీరే చెయ్యాలి" అని కుర్చీ వేసింది. నేను గుమ్మం బయటే, చెప్పుల దగ్గర నిలబడ్డాను. పద్మ నన్ను చూసింది.

"అదేంటండీ అక్కడున్నారు? నాకు లెక్కలు నేర్పింది మీరు. మీరూ బోణీ చెయ్యాలి" అంది.

అత్తగారు పద్మ చెయ్యి గిల్లింది. "శుభమా అని షాపు తెరుస్తుంటే... ముత్తయిదువులు ఎవరూ లేరా ఏంటే?"

నేను వెనక్కి తిరిగాను. ఇంటికి పోయి మళ్ళీ తలుపేసుకుందామనే తిరిగాను. టీచరుగారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు:

"పిన్నిగారూ, మావారు పోయి పదేళ్ళు దాటింది. నాకు కుర్చీ వేశారే!"

టీచరుగారు ఎన్నడూ బొట్టు పెట్టిన మనిషి కాదు, తీసేసిన మనిషీ కాదు. ఆవిడకు భర్త లేడన్న సంగతి ఎవరికీ తట్టనే లేదు.

"ఇప్పుడేం చేద్దాం? కుర్చీ తీసేస్తారా, ఇంకోటి వేస్తారా?"

పద్మ పరుగున వెళ్ళి పక్క టీకొట్టులోంచి ఇంకో కుర్చీ తెచ్చింది. ఇద్దరం కుట్టమని చెరో జాకెట్టు గుడ్డ ఇచ్చాం. అత్తగారు మాత్రం గుమ్మానికి ఇంకో నిమ్మకాయ కట్టింది.

ఆ ఏడాదంతా నాకు మనశ్శాంతి లేదు. షాపు దెబ్బతింటే నా చేతి వల్లేనంటారు. ఆఫీసు నుంచి వస్తూ, చుట్టూ తిరిగైనా సరే, షట్టరు తెరిచి ఉందో లేదో చూసి వచ్చేదాన్ని. ఒకరోజు టీచరుగారికి ఆ సంగతి చెప్పేశాను.

"నాకు మాత్రం భయం లేదనుకున్నారా? అయిదు పూటలా నమాజు తరవాత ఆ షాపు కోసం దువా చేస్తున్నా" అన్నారు. "మీ వంతు భయం కూడా నేనే పడుతున్నా, మీరు హాయిగా ఉండండి."

షాపు నిలబడింది. రెండో మిషను, మూడో మిషను వచ్చాయి. టీచరుగారు రెండువేల ఏడులో పోయారు. ఆడవాళ్ళు లోపల స్నానం చేయిస్తుంటే నేను వరండాలో కూర్చున్నాను. నా వంతు భయం కూడా పడే మనిషి ఇక లేదనిపించింది.

మరుసటి ఏడాది పద్మ కూతురి పెళ్ళయింది. అక్షింతలు వెయ్యడానికి పద్మ నన్ను పేరు పెట్టి పిలిచింది. వెనక వరసలో ఎవరో గుసగుసలాడారు. నా వంతు భయం నాకే వచ్చింది. ఆ భయంతోనే గుప్పెడు తీసుకుని మంటపం ఎక్కాను. ఇప్పటికీ ఏ పెళ్ళికి వెళ్ళినా ఆ భయం వస్తుంది. అది తగ్గేదాకా నేను ఆగను.