అందరూ ఆగాక కూడా పరుగెత్తాను

నోరు తెరవకముందే మన మొర వినే దేవునికి స్తోత్రం! సహోదరీ సహోదరులారా, వినడం అనే మాట ఇప్పుడు నాకు తేలికైనది కాదు, అయినా ఆ మాటతోనే ఆయనను స్తుతిస్తున్నాను.

మాది మహారాష్ట్ర భివండీలో టెంఘర్. నాన్న సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్ఖానా గోడకు ఆనుకునే మా గది, అమ్మతో నూలు కండెలు చుడుతూ ఆ మోతలోనే పెరిగాను. పదిహేను వందల మీటర్ల పరుగులో రాష్ట్ర పోటీ గెలిచాను, దేవునికే మహిమ!

మరుసటి ఏడాది పోటీలో మొదటి నుంచీ నేనే ముందున్నాను. ఆఖరి చుట్టుకు గంట కొడతారు, అప్పుడు ఉన్న బలమంతా తీయాలి. అంతకుముందు ముందున్నవాళ్ల కాళ్లు చూసి వేగం పెంచేదాన్ని, ఆ రోజు నా ముందు ఎవరూ లేరు. వెనకవాళ్లు నన్ను దాటిపోతుంటే, ఇంకో చుట్టు ఉండగానే తొందరపడుతున్నారని జాలిపడ్డాను. గీత దాటి వాళ్లంతా ఆగిపోయారు, నేను ఆగలేదు సహోదరులారా, ఒక్కదాన్నే ఇంకో మలుపు తిరిగాను, మైదానమంతా నవ్వింది!

"ఏందే సలోమీ, ఇంటిదాంక ఉరుకుదామనుకున్నవా?" అని గల్లీలో ఎగతాళి. గంట కొట్టలేదని చెబితే నాన్న మండిపడ్డాడు. "గంతమందికి ఇనవడ్డది, నీకొక్కదానికే కొట్టలేదా? గెలుపు నెత్తికెక్కింది నీకు!"

సాంచెల ఇళ్లలో అందరం అరిచే మాట్లాడుకుంటాం కదా, నాకు వినికిడి పోతోందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. అబద్ధాలకోరునన్న పేరు మిగిలింది. తిండి మానేశాను, ఇక బ్రతకడం ఎందుకన్నంత చీకటిలోకి జారిపోయాను.

శుక్రవారం సాంచెలు బందు. ఆ రోజు మా ఇంట్లో స్త్రీల ప్రార్థన. పాస్టరమ్మ మెల్లని గొంతుతో ప్రార్థించి ఆమేన్ అన్నారట, అందరూ లేచారట, నేను కళ్లు మూసుకుని మోకాళ్ల మీదే ఉన్నాను. "ఆత్మల మునిగున్నది, కదపకుండ్రి," అన్నదట మా పెద్దమ్మ. అమ్మ ఆనందంతో కళ్లు తుడుచుకున్నదట, చాయ్ కూడా తాగేశారట! పాస్టరమ్మ మాత్రం వెనక నుంచి నన్ను రెండుసార్లు పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు. నేను ఉలిక్కిపడ్డాను. ఆమె పెదవులు నాకు కనబడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏదో అడిగినట్టున్నారు, నేను ఊరికే చూస్తున్నాను. "అక్కా, పిల్లకు ఇనవడ్తలేదు!" అని ఆమె అమ్మ వైపు తిరిగి అరిచారట.

మోతకు పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టరు గారు చెప్పారు. ఆ సాయంత్రం నాన్న నా ఎదురుగా కూర్చుని, పెదవులు నాకు కనబడేలా మెల్లగా, "నువ్వు అబద్ధం చెప్పలే బిడ్డా, నేనే నమ్మలే," అన్నాడు.

"ప్రభువా, చెవుల సంగతి నీ చిత్తం, ఈ చావు తలపు మాత్రం నాలోంచి తీసెయ్యి," అని ఏడ్చాను. ఆయన తీసేశాడు! తెల్లారి అన్నం తిన్నాను. ఇదే నా విడుదల, ఇంతకన్నా పెద్దది చెప్పమంటే నా దగ్గర లేదు.

ఇప్పుడు చెవికి మిషన్ ఉంది, కానీ పరుగులో దానికి గాలి హోరే తప్ప ఇంకేదీ అందదు. అందుకే నాన్న మలుపు దగ్గర నిలబడి, కార్ఖానా మోతలో తోటివాళ్లను పిలిచినట్టు, చేతి సైగతో ఆఖరి చుట్టు చూపిస్తున్నాడు. ఎంపిక పోటీ దగ్గరికొచ్చింది, అక్కడ నాన్నను నిలబడనిస్తారో లేదో అధికారులు ఇంకా చెప్పలేదు. భయంగా ఉంది. అయినా ప్రభువును నమ్ముతున్నాను, మీరూ మీ చీకటిలో ఆయననే నమ్మండి. ఇప్పుడు ఉన్నచోటే నాతో కలిసి ప్రార్థించండి: తండ్రీ, ఆ అధికారుల మనసు మెత్తబరచు, ఆ మలుపు దగ్గర ఒక్క మనిషి నిలబడేంత చోటు ఇప్పించు. ఆమేన్.