తడి కంచం

సూర్యకుమారి ఎవరింట్లోకి అడుగుపెట్టినా ముందు చూపు పొయ్యి మీదికే పోయేది. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, పని నేర్పిన అలవాటు. కొల్లేటి పక్క ఊళ్లలో వ్యవసాయ పరిశోధన కేంద్రం వాళ్లు వరిచేలలో చేపలు పెంచే పథకం పెట్టినప్పుడు, పదకొండేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసింది ఆమే. ఎకరానికి ఎన్ని బస్తాలు పండాయి, చేపపిల్లలు ఎన్ని బతికాయి, కూలికి ఎవరు వెళ్లారు, వారంలో ఎన్ని పూటలు పొయ్యి వెలిగింది, అన్నీ రాసేది. ఊళ్లలో ఆమెను సర్వే అమ్మాయి అనేవారు.

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఒక ఇంటికి వెళ్లి "తిన్నారా అండీ?" అని అడిగింది. "ఆ, ఇప్పుడే తిన్నాం. నువ్వు కూర్చోమ్మా, మజ్జిగ తెస్తా" అంది ఆ ఇల్లాలు. సూర్యకుమారి కాగితం మీద 'అవును' గడిలో టిక్కు పెట్టింది. ఆ కేంద్రంలో పాతికేళ్లుగా పొలాలు కొలిచిన రాజగోపాల్ గారు వెనకే నిలబడి చూశారు. బయటికొచ్చాక సైకిల్ స్టాండు వేసి అడిగారు.

"పొయ్యి చూశావా అమ్మాయ్?"

"చూళ్లేదండి."

"అందులో పిల్లి పడుకునుంది. వాళ్ల పొలంలో పెరిగిన చేపలు పొద్దున్నే వ్యాపారి పట్టుకెళ్లాడు. బుట్ట అడుగున నాలుగు పరిగె చేపలు మిగిలాయి, అవి పిల్లలకి. తిన్నారా అని అడక్కూడదు. ఆ మాటకి మన దగ్గర ఒకటే జవాబు. పగవాడు అడిగినా తిన్నామనే అంటారు. నిన్న ఏం వండారు, ఎవరు వండారు, అందరికంటే చివర ఎవరు తిన్నారు. ఈ మూడూ అడుగు. వాటికి అబద్ధం అల్లాలంటే మనిషికి ఓపికుండాలి. ఆకలితో ఉన్నవాళ్లకి అంత ఓపిక ఉండదు."

సూర్యకుమారి ఆ మూడు ప్రశ్నలనూ పదకొండేళ్లు వాడింది. వాటి మూలంగానే పథకంలో కూలి కుటుంబాలకు కొన్ని చేపలు వదలాలన్న షరతు వచ్చింది. ఆ తర్వాత పథకమే మూతబడింది. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి ఒక్క కాగితంతో పోయింది. ముప్పయ్యారేళ్ల వయసులో, ఇరవై రెండేళ్ల పిల్లల పక్కన కన్సల్టెన్సీ బల్ల ముందు కూర్చుని అప్లై చేసి, రెండువేల ఇరవై రెండు ఆగస్టులో బ్రాంప్టన్‌లోని ఒక కాలేజీలో ఫుడ్ సేఫ్టీ డిప్లొమాకి వచ్చింది.

అప్పుడు కెనడా విద్యార్థులను రమ్మని చేతులు చాచి పిలుస్తోంది. విమానాలు నిండిపోయి వస్తున్నాయి. వచ్చినవాళ్లు ఎక్కడ పడుకుంటారో, ఏం తింటారో పిలిచినవాళ్లు ఆలోచించలేదు. ఫీజు ముందే చేరిపోయాక ఆలోచించాల్సిన అవసరం వాళ్లకు కనిపించలేదు.

సూర్యకుమారికి ఒక బేస్‌మెంట్‌లో సగం గది దొరికింది. తక్కిన సగంలోకి జనవరిలో నిఖిల వచ్చింది. జనగామ వైపు పిల్ల, ఇరవై మూడేళ్లది. తల్లి ఈశ్వరమ్మ పత్తి ఏరే కూలీ. నిఖిల నవ్వితే పైన ఇంటివాళ్లు నేల మీద కాలితో తన్ని ఊరుకోమనేవాళ్లు. సూర్యకుమారి ఊళ్లో చేసిన పని సంగతి తెలిసిన రోజే ఆమె పేరు మార్చేసింది.

"ఓ సర్వే మేడం, ఇయ్యాల మా ఇంట్ల ఎంతమందిమి ఉన్నమో రాసుకో. నేను, నువ్వు, గా ఎలుక."

ఇద్దరికీ పని వేళలు వేరు. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు వెళ్లిపోయేవారు. బేస్‌మెంట్‌లో ఉన్నది కరెంటు స్టవ్. దాని మీద పిల్లి పడుకోదు, బూడిద మిగలదు. అందుకని సూర్యకుమారి చూపు సింకు పక్కన గిన్నెల స్టాండు మీదికి మారింది. నిఖిల స్టీలు కంచం కడిగి, తడిగా, బోర్లించి ఉండేది. అది చూసి, పిల్ల తినే వెళ్లిందని నిమ్మళపడేది.

రెండువేల ఇరవై మూడు శరత్కాలంలో కాలేజీలో ప్రొఫెసర్ హెలెన్ ఒక పరిశోధన మొదలుపెట్టింది. విద్యార్థుల ఇళ్లలో తిండికి భద్రత ఉందా లేదా అన్నది విషయం. కాలేజీలో ప్రతి గురువారం విదేశీ విద్యార్థులకు బియ్యం, పప్పు, పాలు ఉన్న సంచి ఒకటి ఊరికే ఇచ్చేవారు. ఆ సంచులు కొనసాగాలా వద్దా అన్నది ఈ సర్వే మీదే తేలుతుంది. తెలుగు పిల్లలను అడగడానికి సూర్యకుమారిని పెట్టుకున్నారు. చేతికి ట్యాబ్లెట్ ఇచ్చి హెలెన్ ఒకే నియమం చెప్పింది. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంతంగా ఒక్క మాట కలపకూడదు, మాటలన్నీ రికార్డవుతాయి.

నలభై మందిని అడగాలి. ముప్పైతొమ్మిది మంది అయ్యారు. గడువు చివరి రోజు మధ్యాహ్నం నిఖిల గదిలో దొరికింది.

"నిఖిలా, నాకు ఇంకా ఒకరు తక్కువయ్యారు. పది నిమిషాలు కూర్చో."

"కూసుంటా గని, పేరు రాస్తరా అక్కా?"

"పేరుండదు. నంబరే."

"నంబర్ వట్టుకొని పేరు దొరకవట్టలేరా వీళ్లు? వీసా అప్పుడు నా ఖర్చులకు పైసలు నా దగ్గర ఉన్నయని సంతకం పెట్టిన. ఇప్పుడు తిండికి లేదంటే అబద్ధం ఆడినట్టు కాదా? రేపు ఈడనే ఉండనీకి పీఆర్‌కు అప్లై చేస్తే గీ కాగితం తీసి మొఖం మీద పెడితే?"

"అలా ఏం చెయ్యరే. ముందు ప్రశ్న విను. గత పన్నెండు నెలల్లో డబ్బు చాలక మీరు భోజనం తగ్గించడం గానీ, పూట మానేయడం గానీ జరిగిందా?"

"మీరు అంటున్నవేంది, కొత్తగ? లేదు."

"ఆకలి వేసినా తినకుండా ఉన్న రోజు ఉందా?"

"అది డైటింగ్. డైటింగ్ అని రాయి."

"డైటింగ్‌కి గడి లేదు."

"మరి లేదనే రాయి. నువ్వు తిన్నవా ఇయ్యాల?"

"తిన్నాను" అంది సూర్యకుమారి. పొద్దుటి నుంచి టీ నీళ్లు తప్ప ఏమీ పడలేదు కడుపులో. ఆ మాట దానంతటదే వచ్చేసింది.

రాజగోపాల్ గారి మూడు ప్రశ్నలూ నాలుక చివరిదాకా వచ్చాయి. నిన్న ఏం వండావు? ట్యాబ్లెట్ మీద రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతోంది. సూర్యకుమారి తల తిప్పి గిన్నెల స్టాండు వైపు చూసింది. కంచం బోర్లించి ఉంది. అంచు నుంచి నీటిబొట్టు జారుతోంది. 'లేదు' గడి నొక్కింది.

డిసెంబర్‌లో హెలెన్ తెరమీద లెక్కలు చూపించింది. నలభై మంది తెలుగువాళ్లలో ముప్పైఎనిమిది మందికి తిండికి లోటు లేదు. తిండి లోటు చూపే గీతలన్నిట్లోకీ తెలుగువాళ్ల గీతే పొట్టిది. మీవాళ్లు ఒకరినొకరు ఎంత బాగా చూసుకుంటారో అంటూ హెలెన్ మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. ఆ నలభై ఇళ్లలో ఎన్ని ఇళ్లలో ఫ్రిజ్ తెరిస్తే లైటు తప్ప ఏమీ కనిపించలేదో సూర్యకుమారి చూసే వచ్చింది. ఆదివారం వస్తే గురుద్వారాలో ఎంతమంది తెలుగు పిల్లలు తలకు గుడ్డ కట్టుకుని ఉచిత భోజనానికి వరసలో కూర్చుంటారో ఆమెకు తెలుసు. ఈ లెక్క తప్పని అప్పుడే, అక్కడే చెప్పాలి. చెప్పలేదు. తర్వాతి ఉద్యోగానికి హెలెన్ ఉత్తరం కావాలి. నవ్వి ఊరుకుంది. ఆ తప్పు ఆమెదే. ఆమె మీద ఎంత ప్రేమున్నా దాన్ని ఇంకొకరి మీద వెయ్యలేం.

జనవరి నుంచి విదేశీ విద్యార్థులకు గురువారం సంచులు ఆగిపోయాయి.

"గా సంచుల ఉండే పప్పు ఉడకనే ఉడకదు, పీడ పోయింది" అంది నిఖిల.

ఆమె కాలేజీ కెఫెలో చేసే పని అంతకు ముందే పోయింది. ఊరి బయట పుట్టగొడుగులు పెంచే ఫారానికి తెల్లారకముందే ఒక వ్యాన్ మనుషులను తీసుకెళ్లేది. క్లాసులు లేని రోజుల్లో అందులో వెళ్లడం మొదలుపెట్టింది. అరలు అరలుగా ఆరు వరసల ఎత్తున ఎరువు పరుపులు, వాటి మీద తెల్లగా పుట్టగొడుగులు. పై వరసలకు వెళ్లాలంటే అరకు తగిలించిన చిన్న బండి మీద నిలబడి, ఒక చేత్తో తిప్పి తెంపి, ఇంకో చేత్తో కాడ కోయాలి. తల్లి అక్కడ పత్తి ఏరుతుంటే కూతురు ఇక్కడ పుట్టగొడుగులు ఏరింది. డిగ్రీ, డిప్లొమా, సముద్రం దాటిన విమానం, ఇన్ని కలిసి ఆ పిల్లను ఒక కూలి నుంచి ఇంకో కూలికి చేర్చాయి.

ఫిబ్రవరి రెండో వారంలో, పొద్దున పదిన్నరకు, ఐదో వరస దగ్గర నిఖిల కళ్లు తిరిగి బండి మీద నుంచి కిందికి పడింది. తల సిమెంటు గట్టుకు తగిలింది. ఆసుపత్రికి చేర్చేలోపే పోయింది.

అదే వ్యాన్‌లో పనికి వెళ్లే ప్రణీత్ అనే ఖమ్మం కుర్రాడు మూడో రోజు బేస్‌మెంట్‌కి వచ్చాడు. నిఖిల బ్యాగు తెచ్చి మెట్ల మీద పెట్టి, తనూ అక్కడే కూలబడ్డాడు.

"పడేముందు ఏమన్నా అందా ప్రణీత్?"

"కళ్లు తిరుగుతున్నయ్ అంది అక్కా. బిస్కెట్ తిందువు దిగు అన్నా. ఈ బుట్ట నింపి దిగుతా అంది."

"తిని వెళ్లలేదా ఇంట్లో? కంచం కడిగి ఉంది. నేను చూశాను."

ప్రణీత్ తల అడ్డంగా ఊపాడు.

"కంచం రోజూ తడిపి పెట్టేదక్కా. మా అక్క సర్వే మేడం, అన్నీ కనిపెడుతది, కంచం తడిగుంటే అడగదు అని వ్యాన్‌లో చెప్పి నవ్వేది. నీకు తెలిస్తే నీ వాటా పెడతావంట. నీకే సరిపోవట్లేదని దానికి తెలుసు. మేం కూడా నవ్వినం అక్కా. మాలో సగంమంది చేసే పని అదే."

సూర్యకుమారి ఏడవలేదు. లేచి నిఖిల బియ్యం డబ్బా మూత తీసింది. అడుగున కొలగిన్నె ఒక్కటే ఉంది. ఎంతకాలంగా అది అలా ఉందో తెలుసుకోవడానికి పదకొండేళ్ల అనుభవం అక్కర్లేదు. మూత తీస్తే సరిపోయేది. ఎవరింట్లోనో పొయ్యి చూసిన మనిషి తన గదిలో డబ్బా మూత తీయలేదు.

మర్నాడు ఆమె హెలెన్ దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. హెలెన్ ముఖం పాలిపోయింది.

"ఆ ప్రశ్నలు సరిపోవని ముందే నాకెందుకు చెప్పలేదు?"

"మీ ట్యాబ్లెట్‌లో దానికి గడి లేదు. ఉన్నా నొక్కేదాన్ని కాదేమో. మీ ఉత్తరం కోసం ఊరుకున్నాను. ఇప్పుడు ఆ నలభయ్యో మనిషి జవాబు మార్చండి."

ఒకసారి నమోదయిన జవాబును మార్చడానికి నియమాలు ఒప్పుకోవు. హెలెన్ ఆ మాట తల వంచుకుని చెప్పింది. అలా నిఖిల గురించి ఆ దేశంలో రెండు కాగితాలు మిగిలాయి. ఒకదాంట్లో తిండికి లోటు లేదని ఉంది. రెండోదాంట్లో ఎత్తు నుంచి పడటం వల్ల మరణం అని ఉంది. ఆకలి అన్న మాట రెంటిలోనూ లేదు.

"నియమాలు మీ దగ్గరే ఉంచుకోండి. నేను మళ్లీ ఆ నలభై ఇళ్లకూ వెళ్తాను. చివర ఎవరు తిన్నారని అడుగుతాను" అని సూర్యకుమారి ఇంకా తన దగ్గరే ఉన్న ట్యాబ్లెట్ బల్ల మీద పెట్టి వచ్చేసింది.

ఆ సాయంత్రం ఈశ్వరమ్మ ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. శవం ఇంకా బయలుదేరలేదు. ఆమె ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి. ఎప్పుడు తెస్తారని అడగలేదు. ఎట్ల పడిందనీ అడగలేదు.

"బిడ్డా, నువ్వేనా మా నిఖిల చెప్పే అక్కవు?"

"నేనేనమ్మా."

"ఆ పొద్దు నా బిడ్డ తిని పోయిందా?"

సూర్యకుమారి ఎదురుగా గిన్నెల స్టాండు ఉంది. కంచం అలాగే బోర్లించి ఉంది. నాలుగు రోజులకి పూర్తిగా ఆరిపోయి, నీటిబొట్లు జారినచోట తెల్లటి మరకలు కట్టింది.

"తిన్నదమ్మా."

"ఏం తిన్నది?"

ఆ ప్రశ్నలు అడగడం ఆ తల్లికి ఏ పరిశోధన కేంద్రమూ నేర్పలేదు.

"అన్నం. టమాటా పప్పు."

"ఎవలు వండిన్రు?"

"నేనే వండానమ్మా."

"మరి నువ్వు తిన్నవా?"

"తను తిన్నాక తిన్నాను. నేనే చివర."

 ఫోన్‌లో దూరంగా ఎవరో బోరింగ్ కొడుతున్న చప్పుడు వినిపించింది.

"గట్లనా. కడుపు నింపుకొని పోయింది నా బిడ్డ. నీ చెయ్యి సల్లగుండ బిడ్డా" అంది ఈశ్వరమ్మ.

ఫోన్ పెట్టేశాక సూర్యకుమారి స్టవ్ వెలిగించి, నిఖిల బియ్యం డబ్బాలోంచి ఆ కొలగిన్నె తీసి, డబ్బాను ఇంకో గిన్నెలోకి వంచి తట్టింది. మూలల్లో ఇరుక్కున్న పది పదిహేను గింజలు రాలాయి. వాటినే కడిగి పొయ్యి మీద పెట్టింది.