ముడుపులో కూతపెట్టె

మా తమ్ముడు దుబాయి నుంచి సెలవు మీద వచ్చినప్పుడు అవ్వకు, అంటే మా అమ్మకు, మెత్తటి దుప్పటి తెచ్చాడు, నాకు సెంటు సీసా, మా ఆయనకు పొడుగాటి టార్చిలైటు తెచ్చాడు. అవన్నీ పంచాక పెట్టె అడుగున లుంగీలో చుట్టిన నల్లటి డబ్బాలు రెండు మిగిలాయి. ఒకటి ఇటుకంత ఉంది. ఇంకొకటి సబ్బుబిళ్ళ కంటే కాస్త పెద్దది.

"ఏందిరా ఇవి?" అని అడిగాను.

"రాడార్ డిటెక్టర్లు అక్కా. ఆడ పోలీసోళ్లు రోడ్డు పొంటి మిషిన్ పెట్టి బండి ఎంత జోరుగ పోతుందో చూసి పట్టుకుంటరు. గా మిషిన్ ఇంక దూరమున్నదనంగనే ఇది కూత పెడతది. మనం స్పీడు తగ్గించుకుంటం."

అవ్వ దుప్పటి మీద నుంచి తల ఎత్తకుండానే అంది: "కూతకే అయితే ఇంట్ల కోడిపుంజు లేదారా? గంత దూరంకెల్లి మోసుకచ్చినవ్."

ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు కూతపెట్టె.

నా పుట్టిల్లు కోరుట్ల. నన్ను సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఇంటికి ఇచ్చారు. తమ్ముడు వచ్చాడని నెలన్నర దాకా ఉండిపోదామని వచ్చాను. వాడు దుబాయిలో కార్లు బాగుచేసే షెడ్డులో పనిచేసేవాడు. ఎవరో అరబ్బు కుర్రవాడి కారులోంచి తీసేసిన డబ్బాలట అవి, మేస్త్రీ వీడికి ఇచ్చేశాడు. డబ్బా ఉంటే కారు ఉండాలి కదా. హైదరాబాదులో ఏదో నవాబు ఇంటివాళ్ళు వదిలించుకున్న పాత ఎర్ర కారు ఒకటి పట్టుకొచ్చాడు. దానికి రెండే తలుపులు. నేలకు అంటుకుపోయి ఉండేది. ఎక్కాలంటే కూర్చున్నట్టు వంగి, కాళ్ళు చాపుకొని లోపలికి జారాలి. వాడకట్టు పిల్లలు దాన్ని కప్పకారు అన్నారు. వాడు రాత్రనక పగలనక దాని కింద పడుకొని, మూడు వారాల్లో దాన్ని గాలిలా ఉరికించాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ సెలవు రెండు నెలలదే. గడువులోగా విమానం ఎక్కకపోతే వీసా పోతుంది. ఆ వీసా కోసం వాడు ఆరేళ్ళు తిరిగాడు. మా నాన్న దగ్గుతో మంచం పట్టాడు, ఇల్లు నడిచేది వాడి మీదే. అందుకే పాస్‌పోర్టును చొక్కా జేబులోంచి తీసేవాడు కాదు, నిద్రలో కూడా దాని మీద చెయ్యి ఉండేది.

అవి ఎలాంటి రోజులో మా వైపు వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. కథలాపూర్ అవతల ఊళ్ళల్లో పగలు పోలీసులు వచ్చి అన్నలు, అదే నక్సలైట్లు, ఎక్కడ అని అడిగేవారు, పొద్దుగూకితే అన్నలు వచ్చి పోలీసులకు ఏం చెప్పారు అని అడిగేవారు. రోడ్డు మోరీల కింద, అంటే కల్వర్టుల కింద, మందుపాతరలు పెడుతున్నారని అందరికీ భయం. ఇంట్లో కొత్త వైరు ముక్క కనబడినా తీసి దాచే కాలం.

కోరుట్ల బస్టాండు దగ్గర రేడియోలు, మైకుసెట్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, దుకాణంలో మా కంటే మంచి తెలుగు మాట్లాడేవాడు. నా పెళ్ళికి మైకు పెట్టింది ఆయనే. తమ్ముడు రెండు డబ్బాలూ ఆయన ముందు పెట్టాడు. నేనూ వెంట వెళ్ళాను.

భాయ్ విషయం విని నవ్వాడు. "తమ్మీ, మన ఠాణా జీపు నలుగురు నూకంది చాలు గాదు. గసోంటోళ్లకు రాడార్ ఏడికెల్లి అచ్చింది?"

"హైదరాబాద్ రోడ్డు మీద పెట్టిండ్రట భాయ్."

"ఎవలు చెప్పిండ్రు?"

"కారు అమ్మినాయన."

"కారు అమ్మెటోడు అది ఎగురుతదని గూడ చెప్తడు." నవ్వు ఆపి గొంతు తగ్గించాడు. "నా మాటిను, పెట్టకు. అన్నలు చూస్తే పోలీసోళ్ల వైర్‌లెస్ అంటరు. పోలీసోళ్లు చూస్తే అన్నల సామాను అంటరు."

తమ్ముడు వింటేనా? దుబాయిలో అరబ్బుల కార్లకు ఉన్నది తన కారుకూ ఉండాలి, అంతే. సరే, ఎవరికీ కనబడకుండా ఎక్కడ పెట్టాలి అన్న మాట వచ్చింది. అద్దానికి అంటిస్తే ఊరంతా చూస్తుంది. ముందు రేకు లోపల దాస్తే ఇనుము అడ్డం వస్తుంది, డబ్బా కళ్ళు మూసినట్టే అన్నాడు భాయ్.

"బట్ట అడ్డముంటే?" అని నేను అడిగాను.

"బట్టకు ఫికర్ లేదక్కా. బట్టలకెల్లి చూస్తది."

అప్పుడు నాకు తట్టింది. తట్టకపోయినా బాగుండేది.

మా వైపు ఏదైనా కోరుకుంటే పసుపు బట్టలో గుప్పెడు బియ్యం, ఒక రూపాయి బిళ్ళ పెట్టి, మూడు ముళ్ళు వేసి దేవుడికి ముడుపు కడతారు. కోరిక తీరాక గుడికి తీసుకుపోయి మొక్కు చెల్లించేదాకా ఆ ముడి ఎవరూ విప్పరు. జీపుల్లో, లారీల్లో ముందు అద్దం కింద ముడుపు ఉండటం మామూలే. పోలీసైనా, అన్నైనా దాన్ని ముట్టుకుంటే కళ్ళకద్దుకోవడానికే ముట్టుకుంటాడు.

"చిన్న డబ్బా పెట్టు భాయ్. నేను ముడుపు కుడత. దాంట్ల పడతది" అన్నాను. అలా చిన్నది ఖాయమైంది.

భాయ్ చేతిలోని డబ్బాను బల్ల మీద పెట్టేశాడు. "వద్దక్కా. దేవునికిచ్చిన మాట గది. దాంట్ల కరెంటు పెట్టుడు నాకు మంచిగ కొడ్తలేదు."

"నీకెందుకు భాయ్? మా దేవుడు, నేను చూసుకుంట."

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఆయన తల వంచుకొని, "నీ ఇష్టమక్కా" అని వైర్లు అతికే కడ్డీని ప్లగ్గులో పెట్టాడు.

పని మాత్రం ముచ్చటగా చేశాడు. పాత రేడియో తీసేసిన సందులోంచి వైరు లాగి తాళం వైరుకు కలిపాడు. చప్పుడు రాకుండా డబ్బా కింద సైకిలు ట్యూబు ముక్క పరిచాడు. ఒక్కటే చెప్పాడు: "తాళం తిప్పంగనే ఒకసారి తనను తాను చూసుకొని అరుస్తది. గది మాత్రం బంద్ కాదు." నేను సిరిసిల్ల నుంచి తెచ్చిన పలుచటి బట్టను పసుపులో ముంచి, డబ్బాకు తొడుగు కుట్టాను. ఉత్త అబద్ధం కాకూడదని పై కొసలో నిజంగానే బియ్యం, రూపాయి బిళ్ళ పెట్టాను. మా తమ్ముడు క్షేమంగా విమానం ఎక్కాలి వేములవాడ రాజన్నా, అని మొక్కి మూడు ముళ్ళు వేశాను.

రెండు రోజుల తర్వాత నన్ను సిరిసిల్లలో దింపడానికి పొద్దున్నే కప్పకారులో బయలుదేరాం. ఇంటి ముందు తాళం తిప్పినప్పుడు అరిచింది తప్ప, కథలాపూర్ దాటినా కూతపెట్టె మళ్ళీ కిక్కురుమనలేదు. తమ్ముడి ముఖం చిన్నబోయింది. "ఎద్దులబండిని చూసన్న అరవదా ఇది?" అన్నాను. వాడు నవ్వలేదు.

ఒక మోరీ దగ్గర పోలీసులు ఆపారు. తమ్ముడు బండి బంద్ చేసి పాస్‌పోర్టు చూపించాడు. పెద్ద వయసు జవాను ఒకాయన లోపలికి వంగి ముడుపును తాకి కళ్ళకద్దుకున్నాడు.

"రాజన్నకేనా అమ్మా?"

"రాజన్నకే" అన్నాను.

"ఎనుక బస్సస్తుంది, కారు పక్కకు తియ్యి" అన్నాడు ఎస్సై. తమ్ముడు తాళం తిప్పాడు.

ముడుపు పీ పీ పీ అని అరిచింది. పసుపు బట్టలోంచి ఎర్రదీపం టిక్కుటిక్కుమని వెలిగింది. "మందుపాతర!" అని ఎవరో కేక వేశారు. కళ్ళకద్దుకున్న జవాను రోడ్డు పక్క గుంతలో పడ్డాడు, మిగతావాళ్ళు పత్తి చేనులో బోర్లా పడ్డారు. నాకు ఆ ఒక్క క్షణం నవ్వు వచ్చింది. తర్వాత వాళ్ళు లేచారు, తుపాకులు మా వైపు తిరిగాయి.

నన్ను ఆ వెనక వచ్చిన బస్సులోనే ఎక్కించారు, మర్నాడే నేను కోరుట్లకు తిరిగి వచ్చాను. తమ్ముడిని జగిత్యాల తీసుకుపోయారు. సెలవులో పదకొండు రోజులు మిగిలాయి.

మూడో రోజు అవ్వా నేనూ జగిత్యాల ఠాణాకు వెళ్ళాం. అధికారి బల్ల మీద ఒక పక్క పాస్‌పోర్టు, ఒక పక్క నేను కుట్టిన బట్ట ఉన్నాయి.

"మీ తమ్ముడు అంత తనే చేసుకున్ననంటుండు" అన్నాడాయన. "తనే చేసుకుంటే గీ వైర్ల పని వచ్చినోడు. అసోంటోన్ని నేను ఇడువ. పాస్‌పోర్టు సంగతి మర్చిపోండ్రి. వేరేటోడు పెట్టిండంటే చెప్పమ్మా."

అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కోరుట్ల బస్టాండు కాడ రేడియోలు బాగుచేసేటాయన పెట్టిండు సారూ" అన్నాను.

"గీ ముడుపు గూడ గాయనే కట్టిండా?"

నేను అనాలి. నేను కట్టిన సారూ, అని మూడు మాటలు. తల వంచుకొని బల్ల కాలు చూస్తూ నిలబడ్డాను. అవును అనలేదు, కాదు అనలేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే తమ్ముడిని వదిలారు, పాస్‌పోర్టు చేతికిచ్చారు. కారు ఠాణా ముందు చెట్టు కిందే మట్టి పట్టిపోయింది. దాని కోసం మళ్ళీ ఎవరమూ వెళ్ళలేదు. గడువు ఇంకా రెండు రోజులుందనగా వాడు విమానం ఎక్కాడు. భాయ్ పేరు నేనే చెప్పానని వాడికి చెప్పలేదు.

భాయ్‌ని ఆ మర్నాడే తీసుకుపోయారు. ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. తర్వాత ఒకనాడు ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప బయటే నిలబడి కొంగులోంచి మడతపెట్టిన పసుపు బట్ట తీసింది.

"ఠాణాల పారేస్తుంటే అడుక్కొని తెచ్చిండట. అక్కది, ఇచ్చి రమ్మన్నడు."

"ఎట్లున్నడు భాయ్?"

"కుడిచెయ్యి ముడుసుకుంటలేదు. కడ్డీ పట్టుకుంటే జారిపోతుంది." బట్ట నా చేతిలో పెట్టి చెప్పింది. "నీది గాని దేవునికి ముడుపెందుకు కట్టినవ్, ఎవలు కట్టిచ్చిండ్రు అని అడిగిండ్రట. వైరు నాది, మొక్కు ఎవలిదో వాళ్లదే అన్నడట. ఎన్నిసార్లు అడిగినా గంతే అన్నడట."

"నన్నేమన్న అన్నడా చెల్లే?"

"మొక్కు తీర్చుకొమ్మన్నడు."

వాళ్ళ ఇల్లు మా ఇంటికి పది ఇళ్ళ అవతల. పుట్టింట్లో ఉన్న మిగతా రోజులు నేను బజారుకు వెనక సందులోంచి పోయాను. మళ్ళీ కోరుట్ల వచ్చేసరికి దుకాణానికి తాళం ఉంది. నిజామాబాద్ వైపు భార్య పుట్టిన ఊరికి పోయారన్నారు. ఊరి పేరు ఎవరికీ సరిగ్గా తెలియదు. గట్టిగా అడిగితే తెలిసేదే. నేను గట్టిగా అడగలేదు.

మొక్కిన మొక్కు తీరింది కదా, చెల్లించాలి. ఒకసారి వేములవాడ పోయి వరుసలో నిలబడ్డాను. హుండీ దాకా వచ్చాక బట్ట తీసి చూశాను. నేను వేసినవి మూడు ముళ్ళు, అందులో నాలుగున్నాయి. ఠాణాలో విప్పి చూసుంటారు, ఆయన మళ్ళీ కట్టుంటాడు. వదులుగా, ఒంకరగా, ఎడమచేత్తో కట్టినట్టు ఉన్నాయి. లోపల రూపాయి బిళ్ళ చేతికి తగులుతూనే ఉంది. వెనక నుంచి ఎవరో, "కదులమ్మా, వేస్తే వెయ్యి లేకుంటే జరుగు" అన్నారు.

పక్కకు జరిగాను. అది ఇప్పటికీ నా సందుక పెట్టెలోనే ఉంది, ఆ నాలుగు ముళ్ళతోనే.