కీబోర్డు ముట్టని వదిన

సోమవారం పొద్దున ఆఫీసుకి డ్రైవ్ చేస్తుండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "వదిన పోయిందిరా," అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. కారు పక్కకు ఆపాను. ఏడుపు కంటే ముందు నాకొచ్చిన ఆలోచన చెప్తాను, తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి: ఇక ఈ మనిషి మీద నేనెప్పటికీ గెలవలేను.

పోయినవాళ్ల మీద అసూయేమిటని మీరడగొచ్చు. ఎందుకు ఉండకూడదు? చచ్చిపోగానే అందరూ దేవతలైపోవాలన్న నియమం ఎవరు పెట్టారు? మా వదిన దేవత కాదు. పేకాటలో తొండి ఆడేది. నా వ్యాసాలు సగం చదివి, మొత్తం చదివానని అబద్ధమాడేది. అయినా అమెరికాలోని ఈ అరోరాలో నా మాట వినాల్సినవాళ్లంతా ఆమె మాటే విన్నారు.

భర్త వీసా మీద వచ్చిన ఆడవాళ్లు ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. ఇంజనీరింగ్ చదివినవాళ్లను వంటింట్లో కూర్చోబెట్టే ఆ చట్టం మీద ఎన్ని వ్యాసాలు రాశానో నాకే తెలియదు. ఊరికే రాసి ఊరుకోలేదు. ఆఫీసులో పారేస్తున్న పాత ల్యాప్‌టాప్‌లు అడిగి తెచ్చి, వాటిలో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించి, లైబ్రరీలో గది బుక్ చేసి, వాళ్లకోసం శనివారం క్లాసు మొదలుపెట్టాను. మొదలుపెట్టింది నేను. ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నాను.

ఆ ల్యాప్‌టాప్‌లు ఆన్ చేస్తే తెర నల్లగా ఉండిపోయేది. ఆన్ అవగానే సిస్టమ్‌ను ఎలా లేపాలో చెప్పే ఫైలు ఒకటుంటుంది. అందులో ఒక్క మాట చేరిస్తే బొమ్మ వస్తుందని వెతికి పట్టుకున్నాను. ఆ ఫైలు నెత్తిన 'దీన్ని మార్చవద్దు' అని ఉంది. మార్చవద్దని ఆజ్ఞాపిస్తే నా చేయి ఊరుకుంటుందా? అన్నిటిలోనూ మార్చేశాను. బొమ్మ వచ్చింది. ధిక్కారం అనే విషయం మీద ఆ రోజు క్లాసులో ఉపన్యాసం కూడా ఇచ్చాను.

తర్వాతి శనివారం నాటికి అప్‌డేట్లు వచ్చాయి. అన్ని తెరలూ మళ్లీ నల్లబడ్డాయి. ఒకమ్మాయి బ్యాగు భుజాన వేసుకుని లేచింది. "టైమ్ వేస్ట్ ఎందుకని మా ఆయన ముందే అన్నారు అంకుల్." మిగతావాళ్లు కూడా బ్యాగులు వెతుక్కుంటున్నారు. క్లాసు నా కళ్లముందే కూలిపోతోంది. సర్వర్లు నడపడమే ఉద్యోగమైన వదినకు ఫోన్ చేశాను.

"ఏం మరిదీ, విప్లవం బూట్ అవ్వట్లేదా?" అంటూ వచ్చింది. తెర నల్లబడకముందు వచ్చే మెనూలోంచి నాచేత ఆ ఫైలు తెరిపించి చూసింది. "మార్చొద్దని రాసుందిగా?"

"ఎవరో చెప్తే వినాలా వదినా?"

"అది సర్కారు ఆజ్ఞ కాదయ్యా. ఇంకో ఫైలు చూసి మెషీనే దీన్ని రాసుకుంటుంది. అప్‌డేట్ వచ్చినప్పుడల్లా కొత్తగా రాస్తుంది, నీ రాత కొట్టుకుపోతుంది. అది పుట్టేచోట రాయి, నిలుస్తుంది."

అని చేతులు రెండూ స్వెటర్ జేబుల్లో దోపుకుంది. అదామె అలవాటు. ఎవరి కీబోర్డూ తను ముట్టేది కాదు. బ్యాగు వేసుకున్న అమ్మాయినే కూర్చోబెట్టింది. "మెనూ వచ్చిందా? e నొక్కు. ఆ లైను చివర ఆ మాట చేర్చు. ఇది ఈ ఒక్కసారికే. ముందు నడిపి చూసుకో, తర్వాత రాయి."

ఆ అమ్మాయి అక్షరం తప్పు కొట్టింది. తెర నల్లగానే ఉంది. "అక్కా, పాడు చేశానా?"

"ఏం పాడవలేదు తల్లీ. ఆపి మళ్లీ ఆన్ చెయ్. ఇప్పుడు చేసింది అది మనసులో పెట్టుకోదు. మా మరిదిలా కాదు."

గదంతా గొల్లున నవ్వింది. రెండోసారి బొమ్మ వచ్చింది. అప్పుడు అసలు ఫైలు తెరిపించి, అందులో ఆ మాట రాయించి, ఆ 'మార్చవద్దు' ఫైలును కొత్తగా పుట్టించే కమాండ్ ఇప్పించింది. ఆపి ఆన్ చేస్తే ఈసారి బొమ్మ తనంతట తనే వచ్చింది. ఆ అమ్మాయి బ్యాగు తీసి కుర్చీ కింద పెట్టింది.

క్లాసు నిలబడింది. ప్రతి శనివారం వదిన వచ్చేది. నాకన్నా ఆరేళ్లు పెద్దదైన ఆమె అక్క, నేనేమో అంకుల్! రుణపడి ఉన్నాను, కాదనను. కానీ దీన్ని చదివి, ఉపన్యాసాలు దండగ, చేతిపనే గొప్ప అని ఎవరైనా తీర్మానిస్తే వాళ్లతోనూ పోట్లాడతాను. వదిన దగ్గర నేర్చుకున్నంత మాత్రాన చట్టం వాళ్లకు ఉద్యోగం ఇవ్వలేదు. అరవాల్సిందే. కాకపోతే నేను అరిస్తే గడియారం చూసేవాళ్లు, ఆమె గొణిగితే కుర్చీలు ముందుకు జరుపుకునేవాళ్లు. ఇదేం న్యాయం?

ఆమె పోయిన వారమే, ఆనాడు లేచి నిలబడ్డ అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, శనివారం మీరు తప్పకుండా రావాలి."

నా గుండె పొంగింది. "వస్తానమ్మా. ఏ విషయం చెప్పమంటారు?"

"చెప్పడానికి కాదంకుల్... గది మీ లైబ్రరీ కార్డు మీదే కదా ఇస్తారు."

వెళ్లి కార్డు చూపించాను. గది తెరిచారు. లోపలికి రమ్మని ఒకరిద్దరు అన్నారు. ఫోన్ చూసుకుంటున్నట్టు కారిడార్‌లోనే నిలబడ్డాను. అద్దాల గోడ అవతల ఆ అమ్మాయి, వదిన నిలబడే చోట నిలబడి ఏదో అంది. అందరూ ఒక్కసారి నవ్వారు, ఒకామె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకేమీ వినపడలేదు.