టీచరమ్మ చదివిన అంగడి చీటీ

మా టీచరమ్మ పోయారు. మంగళవారం పొద్దున హూడిలో ఒక ఇంట్లో కొళాయి బిగిస్తుంటే ఫోన్ వచ్చింది. ఇంటావిడ "నీళ్లు, నీళ్లు!" అని అరిచేదాకా నా చేయి ఆగిపోయిన సంగతే నాకు తెలియలేదు.

ఏడుపుగొట్టు మాటలు రాయను. రాస్తే ఆమె పైనుంచే ఎర్రసిరాతో కొట్టేస్తారు.

ఆమె రిటైరైన తెలుగు టీచరు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వెనక గదిలో వయసు మళ్లినవాళ్ల చేత జ్ఞాపకాలు రాయించేవారు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ గదిలో కారే కొళాయి బాగుచేయడానికి వెళ్లి, టీ ఇస్తున్నారని కూర్చుండిపోయాను.

ఆమె పద్ధతి ఒకటే. ముందు ఒక పేజీ రాయాలి. అందులోంచి నాలుగు పంక్తుల కవిత తీయాలి. పొగడ్త పనికిరాదు, కంటికీ చెవికీ ముక్కుకూ అందినవే ఉండాలి. ఆ పంక్తుల్ని మళ్లీ పేజీలో పెట్టి, చుట్టూ ఉన్న చెత్త పీకేయాలి. "కవిత నారులాంటిది నాయనా. పోసిన మడిలోనే ఉంచితే పంట కాదు, తీసి నాటాలి" అనేవారు.

నేను రాయాలనుకున్నది మా అమ్మ గురించి. నా పదో ఏట పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. ఏటికేడు మొహం చెరిగిపోతోంది. కాగితం మీదైనా పట్టుకోకపోతే పూర్తిగా పోతుందని నా భయం. పేజీ నిండా త్యాగమూర్తి, కరుణామయి అని దట్టించాను.

"ఈవిడ ఎవరి అమ్మైనా కావచ్చయ్యా. మీ అమ్మ ఏదీ?" అన్నారు టీచరమ్మ.

నాకు ఒళ్లు మండింది. మరుసటి వారం కవిత అని చెప్పి, చిన్నప్పుడు అమ్మ నాకిచ్చి పంపే అంగడి చీటీ రాసిచ్చాను. రాగులు రెండు సేర్లు, బెల్లం అచ్చు, కొబ్బరినూనె చిన్న సీసా, నల్లదారం ఉండ. పక్కాయనకు కన్ను కూడా గీటాను.

ఆమె ఒక్కో సరుకు దగ్గర ఆగి, గంభీరంగా చదివారు. "నల్లదారం ఎందుకయ్యా?"

"నా ఖాకీ నిక్కరు కుట్టేకి టీచరమ్మా."

"ఖాకీకి నల్లదారమా?"

"ఇంట్లో అన్నిటికీ అదొక్కటే. నిక్కరంచున చీమల బారు పోతా ఉన్నట్ల ఉండేది."

గది గొల్లుమంది. ఆమె నవ్వలేదు, బల్ల చరిచారు. "దొరికింది! చీమల బారు! రాసెయ్యవయ్యా, ఆరిపోకముందే!"

ఎకసెక్కానికి వెళ్లినవాణ్ణి కలం అందుకున్నాను. త్యాగమూర్తిని కొట్టేసి చీమల్ని ఎక్కించాను. పేజీలోకి మా అమ్మ వచ్చి కూర్చుంది!

"మీ అమ్మను చూసినవాళ్లకు చదివి వినిపించు. అందాకా ఇది సగమే" అన్నారు. చూసినవాళ్లలో మిగిలింది జిగణిలో ఉండే మా అక్క ఒక్కతే. ఎగతాళి చేస్తుందని నెలలు నెట్టాను. ఊరందరినీ ఆటపట్టించేవాడికి ఆ భయం కాస్త ఎక్కువే.

టీచరమ్మను సాగనంపిన మరునాడే జిగణి బస్సెక్కాను. ఆమెకు వేరే పూలదండ ఏం తేగలను? అక్క ఇంట్లో కుర్చీలో కూర్చుని పేజీ మొత్తం చదివాను.

"ఏమప్పా, నీకు ఇంత బుద్ధి ఎప్పుడొచ్చె?" అంది అక్క. అంతలోనే కళ్లు పెద్దవి చేసింది. "ఒకటి ఇడిసిపెట్టినావు కదరా! అమ్మ నిక్కరు ఇప్పనిచ్చేదే కాదు. ఒంటి మీదే కుట్టేది. సూది గుచ్చుకుంటాదని నువ్వు ఊపిరి బిగబట్టుకోని ఉంటివి. ఇట్ల చూడు..."

అరవై దాటిన అక్క నేలమీద కూర్చుంది. మోకాలి దగ్గర నా ప్యాంటు పట్టుకుని, తల ఓరగా వంచి, లేని దారాన్ని పళ్లతో పుటుక్కున కొరికింది. వెచ్చని ఊపిరి మోకాలికి తగిలింది.