ఎలుగుబంటి అసలు పేరు

నిన్న మా ఆసుపత్రి డ్యూటీ గదిలో ఎవరో తేనె సీసా మూత తీశారు. దేవరాపల్లి అవతలి కొండల నుంచి వచ్చిన తేనె, కొంచెం పొగ వాసన. తోటి నర్సులు వేలికి రాసుకుని రుచి చూస్తుంటే నాకు ప్రకాశరావు మాస్టారి గొంతు వినిపించింది. "మెద్వెద్. అంటే తేనె తినేది. ఏటే అది, సెప్పు?"

మాస్టారు వయసులో ఉండగా విశాఖలో రష్యన్ ఇంజనీర్ల దగ్గర దుబాసీగా పనిచేశారు. వాళ్ళు వెళ్ళిపోయాక చోడవరం వచ్చి మేడ మీద గదిలో ఇంగ్లీషు ట్యూషన్లు పెట్టారు. చెప్పేవి మాత్రం ఎక్కువగా రష్యన్ సంగతులే. నర్సింగులో చేరాలంటే ఇంగ్లీషు రావాలని మా నాన్న నన్ను అక్కడ కూర్చోబెట్టాడు. ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాను. గోవాడ దగ్గర మా చెరకు తోటలో నాన్న కాలి పక్క నుంచే పాము పోయింది, ఇంటిల్లిపాదీ హడలిపోయాం.

"ఏటే గుంటా, ఇంత లేటు?"

"తోటలో పురుగు కనబడింది మాస్టారూ."

"ఏ పురుగు? గొంగళి పురుగా?"

నేను తల దించుకున్నాను. మా వైపు చెరకు కొట్టేవాళ్ళు పాము పేరెత్తరు, పురుగనే అంటారు, పేరెత్తితే వస్తుందని భయం. ఆయనకది తెలుసు, కావాలనే ఆట పట్టిస్తున్నారు. "రష్యావోళ్ళూ నీలాటోళ్ళేనే," అని నవ్వి బోర్డు వైపు తిరిగారు. వాళ్ళ పూర్వీకులకు ఎలుగుబంటి అంటే అంత భయమట. పేరెత్తకుండా "తేనె తినేది" అనడం మొదలుపెట్టారట. రష్యన్లో, చెక్‌లో, సెర్బియన్‌లో ఇప్పటికీ దాదాపు అదే మాట. పోలండు వాళ్ళు మొదటి అక్షరం మార్చుకున్నారు, అంతే. అందులో ఉన్న "మెద్" మన మధువుకు చుట్టం.

"మరి దాని అసలు పేరేటి మాస్టారూ?"

"పోయింది. అనక అనక మర్చిపోయేరు. జాంబవంతుణ్ణి ఋక్షరాజంటాం సూడు, ఆ ఋక్షం పోయిన ఆ పేరుకి బంధువే. మన దగ్గర మిగిలింది, వాళ్ళ దగ్గర లేదు. పేరెత్తకపోతే ఎలుగు పోలేదే, పేరే పోయింది."

పదేళ్ళ తర్వాత నేను చోడవరంలోనే, ఈ ఆసుపత్రిలో నర్సుగా ఉండగా ఆయన ఒక కవరు పట్టుకుని వచ్చారు. లోపల ఆయన భార్య సుశీలమ్మగారి రిపోర్టు ఉంది. ట్యూషన్ పిల్లలందరం ఆవిణ్ణి అమ్మా అనే పిలిచేవాళ్ళం. నేను చదివి, "కేన్సరు మాస్టారూ," అన్నాను. "ఆ మాట ఇంట్లో అనకు. మీ అమ్మకి అల్సరని సెప్పు," అన్నారు. కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు. నాకు ఎలుగుబంటి పాఠం గుర్తొచ్చింది. గురువుకు గుర్తు చెయ్యడానికి నోరు రాలేదు.

ఒక ఆదివారం ఆయన చర్చికి వెళ్ళారు. నేను ఇంజెక్షన్ చెయ్యడానికి వెళ్తే అమ్మ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఒసే, నాకేటైందో నువ్వైనా సెప్పు. కె.కోటపాడులో నా సెల్లి ఉంది. పన్నెండేళ్ళై మాటల్లేవు. నాకు టైమ్ లేదంటే నేనే ఎల్లి దాని గుమ్మంలో కూకుంటాను. ఉందంటే దాన్నే రానీ."

"అల్సరే అమ్మా. తగ్గిపోద్ది."

"అయితే దాన్నే రానీ," అని నవ్వి అటు తిరిగి పడుకున్నారు.

రెండు నెలల్లో ఆవిడ పోయారు. సమాధి దగ్గర ఆ చెల్లెలు మాస్టారిని నిలదీసింది. "కోటపాడు ఏపాటి దూరం బావా? ఆటో ఎక్కితే వచ్చీదాన్ని. ఒక్కరైనా సెప్పలేదేటి?" వారం తర్వాత వెళితే మేడ గదిలో మాస్టారు ఒక్కరే కూర్చుని ఉన్నారు. "పాఠం సెప్పడం సులువేనే. నా ఇంట్లోకి వచ్చీసరికి నాకూ నోరు పెగల్లేదు," అన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. ఆవిడ అడిగింది నన్ను. అబద్ధం చెప్పింది నేను. మాస్టారు చెప్పమన్నారన్నది ఒక సాకు. ఆ సిగ్గు ఇంకా పోలేదు.

ఇప్పుడు మాస్టారు కూడా లేరు. మా వార్డులో బంధువులు నన్ను పక్కకు పిలిచి, "ఆ పేరు మాత్రం సెప్పకండి మేడం," అని బతిమాలుతుంటారు. వాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడతాను. రోగి తనంతట తాను అడిగితే మాత్రం, డాక్టరుగారితో ఒక మాట అనుకుని, మంచం పక్కన కూర్చుని జబ్బు పేరు పెట్టే చెబుతాను. కొందరు ఏడుస్తారు. కొందరు గోడవైపు తిరుగుతారు. నేను లేవను. "చూడాలనుకునేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అడుగుతాను. కాసేపటికి ఎవరిదో ఒక పేరు చెబుతారు. ఫోన్ నేనే కలుపుతాను.