ఆముదం పోసిన సీసా

కొత్తకోటకు బదిలీ అయిపోయిన మా సైన్సు టీచరమ్మ అక్కడే జ్వరంతో పోయిందని మొన్న ప్రార్థన వేళ కబురు వచ్చింది. పిల్లలు ఏడ్చారు. ఆమెను బదిలీ చేయించిన మా పెద్దసారు మాత్రం సంతాపసభకు పూలదండ తెమ్మని చప్రాసీని పంపించాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట మీదనే ఇది రాస్తున్నాను.

పోచంపల్లి దగ్గరి మా బడిలో నేను తెలుగు చెప్తాను. సైన్సు సామానంతా తరగతి గదిలోని బీరువాలో ఉండేది, బీరువా తాళంచెవి పెద్దసారు జేబులో. పగిలితే జవాబు చెప్పుకోవాలని ఆయన భయం. తనిఖీ వాళ్లు వచ్చినప్పుడు తుడిచి చూపించి, మళ్లీ తాళం వేసేవాడు. పిల్లలు ఏది అడిగినా ఆమెది ఒకటే మాట: "జర ఆగుండ్రి, చేసి సూద్దం." చేయడానికి ఏముందని? రోజూ పోయి తాళంచెవి అడిగేది.

ఒకరోజు ఎట్లాగో తాళంచెవి సాధించింది. పగిలిన లాంతరు చిమ్నీని మెత్తగా నూరి, ఆ పొడిని పలచటి సీసాలో పోసింది. కిటికీ సందులోంచి వచ్చే ఎండను పట్టకంతో రంగులుగా విడదీసింది. ఎరుపు దాటిన తర్వాత, కంటికి ఏమీ కనబడని చోట, మసి పూసిన థర్మామీటరు పెట్టింది. పాదరసం ఎక్కింది.

"గిది గూడ వెలుగే. మన కండ్లకు అందదు, గంతే."

సీసా అడ్డం పెడితే పాదరసం దిగింది. అదే సీసాలో ఆముదం పోసింది. తెల్లటి పొడి కళ్లముందే కనబడకుండా పోయింది, పాదరసం మళ్లీ ఎక్కింది.

"పొడి గదే పిల్లలూ. సుట్టూ గాలి ఉన్నప్పుడు వెలుగును చెదరగొట్టింది. గాజు, ఆముదం వెలుగుకు దాదాపు ఒక్క తీరే, గందుకే ఇప్పుడు దారి ఇడిసింది."

"మా నూలు తడిస్తే రంగు ముదురుగ గనబడేది గూడ గిట్లనేనా టీచరమ్మా?" అంది ఓ నేతగాళ్ల పిల్ల. ఆమె ఆ పిల్లను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది.

అప్పుడే పెద్దసారు వచ్చాడు. "ఇది బడా, గారడీనా? పరీక్షల గివి వస్తయా?"

"పరీక్షల రాకుంటే ఎండ గూడ రాకుంటదా సార్?"

ఆ ఒక్క మాటకు నెల తిరక్కముందే బదిలీ. ఆయాసం ఉన్న మనిషిని అంత దూరం తోలాడు. బస్సెక్కేముందు సీసా నా చేతిలో పెట్టి, "కిటికీల పెట్టక్కా, పిల్లలు సూస్తరు" అంది.

ఆ తరగతి గదిలోనే పెట్టిన సభలో పెద్దసారు "ప్రయోగాలే ఆమె ప్రాణం" అని గొంతు వణికించాడు. దీపానికి నూనె లేదని చప్రాసీ నసిగాడు. "గా కిటికీల సీసా ఉన్నది గదా" అన్నాడు పెద్దసారు. సీసా వంచి ప్రమిదలో పోశారు. ఆమె ఫోటో ముందు ఆమె ఆముదమే మండింది.

"సిగ్గనిపిస్తలేదా సార్?" అని అందరి ముందే అడిగాను.

"ఏమైందమ్మా? మిగిలింది ఒట్టి గాజుపొడే గద?"

నేతగాళ్ల పిల్ల ఇంటికి ఉరికి, గిన్నెలో ఆముదం తెచ్చింది. తెల్లగా మసకబారిన సీసాలో ఇద్దరం కలిసి పోశాం. పిల్ల దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. పొడి మెల్లగా తేటబడింది. సీసాలోంచి అవతల ఉన్న బీరువా కనబడింది, దానికి వేలాడుతున్న తాళం కనబడింది.